నెల్లూరు, ఒంగోలు నుంచి కోడ్ రాసేవాళ్లు రిమోట్ డెవలప్‌మెంట్ మెషీన్ ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్, చెన్నై, బెంగళూరు కంపెనీలకు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో, కావలిలోనో ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఏదో ఒక రోజు వాళ్లకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ల్యాప్‌టాప్ చాలడం లేదు. డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే సాధనం) నాలుగు సర్వీసులు లేపితే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, బ్రౌజర్ కదలదు. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? లేక వేరేచోట ఉన్న పెద్ద మెషీన్ మీద కోడ్ నడుపుతూ ఇక్కడి నుంచి దానికి కనెక్ట్ అవ్వాలా? రెండోదే అనుకుంటే ఏ పద్ధతిలో?

ఇలాంటి పోలికలు రాసేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్నెట్, కరెంటు ఎప్పుడూ ఉంటాయనుకుని రాస్తారు. మన జిల్లాల్లో ఆ లెక్క కుదరదు. అందుకే నేను ప్రతి ఎంపికనూ మొదట ఒక్క ప్రశ్న అడుగుతాను: పని మధ్యలో లైన్ తెగితే ఏమవుతుంది? దీనికి మంచి జవాబు ఉన్న పద్ధతే మనకు పనికొస్తుంది. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఎంత అన్నవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

## ముందు తేల్చుకోవాల్సినవి

లైన్ నాణ్యత. ప్లాన్ మీద 100 ఎంబీపీఎస్ అని ఉంటే రిమోట్ పని సాఫీగా సాగుతుందని చాలామంది అనుకుంటారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా కోడ్ రాయడానికి అంత స్పీడు అక్కర్లేదు. మనం నొక్కిన మీట అవతలి మెషీన్‌కు చేరి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం తక్కువ ఉండాలి, దారిలో ప్యాకెట్లు పోకూడదు. ఈ రెండూ బాగుంటే 10 ఎంబీపీఎస్ కూడా చాలు.

ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. కాగితం మీద లెక్కేస్తే రానూపోనూ 2 మిల్లీసెకన్లు చాలు. కానీ మన ఆపరేటర్ ట్రాఫిక్ హైదరాబాద్ మీదుగానో, ముంబై మీదుగానో తిరిగి చెన్నై చేరవచ్చు. అందుకే మ్యాపు చూసి సర్వర్ ఊరు ఎంచుకోకండి. పింగ్ కొట్టి కొలవండి. అదీ పొద్దున్నే కాదు, ఊరంతా సినిమాలూ క్రికెట్టూ చూసే రాత్రి 8 నుంచి 10 మధ్య, కనీసం పది నిమిషాలు నడపండి. సగటు అంకె కన్నా మధ్యమధ్య వచ్చే పెద్ద అంకెలు, పోయిన ప్యాకెట్ల శాతం ముఖ్యం. నా అనుభవంలో 50 మిల్లీసెకన్ల లోపు ఉంటే పక్కనే ఉన్న మెషీన్ మీద పనిచేస్తున్నట్టే ఉంటుంది. 100 దగ్గర టెర్మినల్‌లో ఆలస్యం తెలుస్తుంది కానీ అలవాటవుతుంది. 200 దాటితే టెర్మినల్ పని విసుగు పుట్టిస్తుంది, అమెరికా తూర్పు తీరంలో మెషీన్ పెట్టుకుంటే జరిగేది అదే.

కరెంటు, వాన. ఏపీ ఫైబర్‌నెట్ అయినా, లోకల్ కేబుల్ వాళ్ల ఫైబర్ అయినా, చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే ఇంటికి వస్తుంది. గాలివానకు కొమ్మ విరిగి పడితే రెండూ ఒకేసారి పోతాయి. నెల్లూరుకు వాన ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను మన తీరం పక్కనే కదులుతూ వెళ్లి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో ఇన్వర్టర్ ఉన్నా లైన్ ఉండదు. ఆ మూడు నెలల్లో ఎలా నడుస్తుందన్నది ఏ పద్ధతికైనా అసలు పరీక్ష.

డేటా. ఫైబర్ పోయాక మిగిలేది ఫోన్ హాట్‌స్పాట్. రోజుకు 1.5 జీబీయో 2 జీబీయో వచ్చే ప్లాన్‌లో ల్యాప్‌టాప్ మీద రెండు డాకర్ ఇమేజ్‌లు దించితే ఆ రోజు కోటా అయిపోతుంది. అదే మెషీన్ డేటా సెంటర్‌లో ఉంటే ఆ ఇమేజ్‌లు, ప్యాకేజీలు అన్నీ అక్కడి లైన్ మీదే దిగుతాయి. మన ఫోన్ నుంచి వెళ్లేది అక్షరాలు, వచ్చేది ఫైళ్లలో మార్పులు మాత్రమే. రిమోట్ పద్ధతితో మన ప్రాంతానికి కలిగే ఈ పెద్ద మేలు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

బిల్లు. నెలసరి అద్దె ఒక్కటే చూస్తే సరిపోదు. ఆపడం మరిచిపోతే ఏమవుతుంది, డిస్క్ చార్జీ విడిగా ఉందా, జీఎస్టీ ఎంత, డాలర్లలోనా రూపాయల్లోనా అన్నీ చూడాలి. కార్డు సంగతి కూడా. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు ఆపివేసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి.

కోడ్ ఎవరిది. కంపెనీ కోడ్ అయితే ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది కంపెనీ. సొంత ఖాతాలో అద్దెకు తీసుకున్న మెషీన్ మీదకు కంపెనీ రిపోను (కోడ్ ఉండే గిట్ ఫోల్డర్) దించుకోవడం ఉద్యోగానికే ముప్పు. రాతపూర్వక అనుమతి లేకుండా ఆ పని చేయొద్దు.

## ఎంపికలు

### ఉన్న ల్యాప్‌టాప్‌నే బాగుచేసుకోవడం

దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. చాలామందికి రిమోట్ మెషీన్ అవసరమే లేదు. జాంగో, లారావెల్, చిన్న రియాక్ట్ ప్రాజెక్టు చేసేవాళ్లకు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ సరిపోతుంది. 8 జీబీతో కష్టపడుతుంటే, ర్యామ్ మార్చుకునే వీలున్న మోడల్ అయితే, ముందు ఆ పని చేయండి. విండోస్ వాడేవాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుంటే లినక్స్ కూడా అందులోనే దొరుకుతుంది. లైన్ తెగినా పని ఆగదు, గిట్ కమిట్లు ఆఫ్‌లైన్‌లోనే పడతాయి, పుష్ తర్వాత చేసుకోవచ్చు.

ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లకు నా సలహా గట్టిగా ఇదే. ఎమ్యులేటర్ సరిగా నడవాలంటే వర్చువలైజేషన్ సౌకర్యం కావాలి. అద్దె మెషీన్లు అవే ఒక పెద్ద మెషీన్ లోపలి వర్చువల్ మెషీన్లు కాబట్టి, అది అన్నిటిలోనూ దొరకదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి పరీక్షించడం ల్యాప్‌టాప్ మీదే సులువు. ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి.

ఈ పద్ధతి ఎక్కడ చాలదంటే పెద్ద జావా ప్రాజెక్టులు, ఏడెనిమిది సర్వీసులు ఒకేసారి లేపాల్సిన పనులు, రస్ట్, సీ++ లాంటి బరువైన కంపైలింగ్, పదుల జీబీల డేటాబేస్.

### గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్

బ్రౌజర్‌లోనో వీఎస్ కోడ్‌లోనో (మైక్రోసాఫ్ట్ కోడ్ ఎడిటర్) ఒక బటన్ నొక్కితే రిపోతో సహా మెషీన్ సిద్ధమవుతుంది. సొంత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు, 15 జీబీ నిల్వ ఉచితం. 2 కోర్ల మెషీన్‌లో అది 60 గంటలు. గిట్‌హబ్ విద్యార్థి ప్రయోజనాలు పొందిన వాళ్లకు 180 కోర్-గంటలు, అంటే అదే మెషీన్ మీద 90 గంటలు. క్రెడిట్ కార్డు లేకుండానే మొదలుపెట్టవచ్చు కాబట్టి ఒంగోలులోనో నెల్లూరులోనో బీటెక్ చదువుతున్న పిల్లలకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. ల్యాబ్‌లో పాత కంప్యూటర్ అయినా, తమ్ముడి ల్యాప్‌టాప్ అయినా అదే వాతావరణం దొరుకుతుంది.

మన వైపు నుంచి ఉన్న చిక్కు దూరం. కోడ్‌స్పేసెస్‌కు భారత్‌లో ప్రాంతం లేదు. సెట్టింగ్స్‌లో ఆగ్నేయాసియా ఎంచుకోండి, లేకపోతే అది ఇంకా దూరంగా పడే అవకాశం ఉంది. బ్రౌజర్‌లో కాకుండా డెస్క్‌టాప్ వీఎస్ కోడ్ నుంచి కనెక్ట్ అయితే అక్షరాలు టైప్ చేయడం లోకల్‌గానే జరుగుతుంది కాబట్టి ఆలస్యం ఎడిటర్‌లో అంతగా తెలియదు, టెర్మినల్‌లో మాత్రం తెలుస్తుంది.

లైన్ తెగితే మెషీన్ కొంతసేపు నడుస్తూనే ఉంటుంది. ఏ కదలికా లేకుండా 30 నిమిషాలు గడిస్తే ఆగిపోతుంది, ఫైళ్లు అలాగే ఉంటాయి. ఈ గడువును 240 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. బిల్లు భయం ఉన్నవాళ్లకు తనంతట తానే ఆగిపోవడం వరమే. జాగ్రత్త పడాల్సినవి రెండు. ఆపేసిన కోడ్‌స్పేస్ కూడా నిల్వ కోటా తింటుంది, కాబట్టి ప్రతి ప్రాజెక్టుకు ఒకటి తెరిచి వదిలేయకండి. ఇక 30 రోజులు ముట్టుకోకపోతే అది మామూలుగా తొలగిపోతుంది, అందులో పుష్ చేయని కోడ్ ఉన్నా సరే. సెమిస్టర్ పరీక్షలకు ముందు అన్నీ పుష్ చేసి పెట్టుకోండి.

రోజంతా పనిచేసే ఉద్యోగికి లెక్క మారుతుంది. రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు అంటే 200 గంటలు. 60 ఉచితం పోగా మిగిలిన 140 గంటలకు, 2 కోర్ల మెషీన్ గంటకు 0.18 డాలర్ల చొప్పున, దాదాపు 25 డాలర్లు. 4 కోర్లు కావాలంటే రేటు రెట్టింపు, ఉచిత గంటలు సగం. అక్కడికి వచ్చేసరికి సొంతంగా మెషీన్ అద్దెకు తీసుకోవడమే మేలు.

### భారత్‌లో అద్దె మెషీన్, దానికి వీఎస్ కోడ్ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఏడబ్ల్యూఎస్‌కు (అమెజాన్ క్లౌడ్) ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్లు ఉన్నాయి. అజ్యూర్‌కు (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) చెన్నై, పుణె, గూగుల్ క్లౌడ్‌కు ముంబై, ఢిల్లీ, డిజిటల్ ఓషన్‌కు బెంగళూరు. వీటిలో ఒకచోట ఉబుంటు మెషీన్ తీసుకుని, మన ల్యాప్‌టాప్‌లోని వీఎస్ కోడ్ నుంచి రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్‌తో కనెక్ట్ అవ్వాలి. తెర, మెనూలు, టైపింగ్ మన దగ్గర. ఫైళ్లు, టెర్మినల్, ఎక్స్‌టెన్షన్ల అసలు పని అక్కడ. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా దీనికి సరిపోతుంది.

సర్వర్ వైపు 1 జీబీ ర్యామ్‌తో కూడా మొదలవుతుందని రాసి ఉంటుంది కానీ టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టు తెరిస్తే అది చాలదు. 4 జీబీ నుంచి మొదలుపెట్టి కొంత స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే డిస్క్ భాగం) కూడా పెట్టండి. పాత సెంటాస్ 7 లాంటివి వద్దు. 2025 నుంచి వీఎస్ కోడ్ సర్వర్ అలాంటి పాత లైబ్రరీలున్న సిస్టమ్‌ల మీద మామూలుగా పనిచేయదు.

లైన్ తెగినప్పుడు ఈ పద్ధతి ఎలా నిలబడుతుందో చూడండి. మెషీన్ ఆగదు. టెర్మినల్‌లో టీమక్స్ (కనెక్షన్ తెగినా పనిని నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) తెరిచి అందులో బిల్డ్‌లు, టెస్టులు నడిపితే, మన ఇంట్లో కరెంటు పోయి అరగంటకు వచ్చినా అవతల పని పూర్తయి ఉంటుంది. తిరిగి కనెక్ట్ అయి ఆ సెషన్ తెరిస్తే ఆపిన చోటే ఉంటాం. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్తూ పనిచేసేవాళ్లు దీనికి మోష్‌ను కూడా జోడించవచ్చు. మోష్ యూడీపీ మీద నడుస్తుంది, సిగ్నల్ పోయి వచ్చినా, ఫోన్ ఐపీ మారినా సెషన్ తెగదు, మనం కొట్టిన అక్షరాన్ని జవాబు రాకముందే చూపిస్తుంది. దానికి సర్వర్ ఫైర్‌వాల్‌లో 60000 నుంచి 61000 వరకు యూడీపీ పోర్టులు తెరవాలి. వీఎస్ కోడ్ మాత్రం మోష్ మీద పనిచేయదు, పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా మోష్‌లో లేదు. కాబట్టి టెర్మినల్‌లోనే విమ్‌తో రాసేవాళ్లకే ఇది పూర్తిగా ఉపయోగం.

ఖర్చు దగ్గర కంపెనీని బట్టి పెద్ద తేడా ఉంది, అక్కడే చాలామంది దెబ్బతింటారు. డిజిటల్ ఓషన్‌లో 2 కోర్లు, 4 జీబీ మెషీన్ నెలకు 24 డాలర్లు, 4 కోర్లు, 8 జీబీ అయితే 48 డాలర్లు. దాన్ని పవర్ ఆఫ్ చేసినా బిల్లు ఆగదు. స్నాప్‌షాట్ (డిస్క్ మొత్తం కాపీ) తీసి మెషీన్‌ను తొలగిస్తేనే ఆగుతుంది. ఏడబ్ల్యూఎస్ అద్దె మెషీన్ల సేవ ఈసీ2లో మెషీన్‌ను స్టాప్ చేస్తే కంప్యూట్ చార్జీ ఆగిపోతుంది, డిస్క్ చార్జీ మాత్రం నడుస్తుంది. అక్కడ మామూలు సెట్టింగ్‌లో లినక్స్ లోపలి నుంచి షట్‌డౌన్ కొట్టినా స్టాప్ కిందికే వస్తుంది. కాబట్టి రాత్రి 11కి షట్‌డౌన్ అయ్యేలా క్రాన్‌లో (చెప్పిన సమయానికి కమాండ్ నడిపే లినక్స్ సౌకర్యం) ఒక్క లైను రాసి పెడితే మరిచిపోతామన్న టెన్షన్ ఉండదు. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు గంటకు 0.005 డాలర్లు, నెలకు సుమారు 3.6 డాలర్లు పడుతుంది. మారని అడ్రస్ కోసం ఎలాస్టిక్ ఐపీ పెట్టుకుంటే మెషీన్ ఆపి ఉంచినా ఈ చార్జీ వస్తుంది. భారత్ ఖాతాకు ఏడబ్ల్యూఎస్ 18 శాతం జీఎస్టీతో బిల్లు ఇస్తుంది. జీఎస్టీ నంబర్ ఉన్న ఫ్రీలాన్సర్లకు ఇది పనికొచ్చే విషయం.

రోజుకు ఆరేడు గంటలే పనిచేసి మిగతా సమయం ఆపేసేవాళ్లకు ఈసీ2 లాంటిది నయం. ఇరవై నాలుగు గంటలూ నడవాల్సిన డెమో సైటు కూడా అదే మెషీన్ మీద పెట్టుకునేవాళ్లకు డిజిటల్ ఓషన్ లాంటి స్థిరమైన రేటు నయం.

జెట్‌బ్రెయిన్స్ ఐడీఈలకు అలవాటుపడిన జావా, కోట్లిన్ వాళ్లకు గేట్‌వే అనే రిమోట్ సాధనం ఉంది. ఐడీఈ అసలు పనంతా సర్వర్‌లో నడుస్తుంది కాబట్టి 4 కోర్లు, 8 జీబీ కన్నా తక్కువ మెషీన్‌తో ప్రయత్నించకండి. బిల్లు కూడా ఆ మేరకు పెరుగుతుంది.

### ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న డెస్క్‌టాప్

మంచి డెస్క్‌టాప్ ఉండి, తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు ఇది నెల అద్దె లేని దారి. వేదాయపాళెంలో ఇల్లు, వారంలో రెండు రోజులు చెన్నై ఆఫీసు అనుకుంటే, ఇంటి మెషీన్‌కే ఎస్‌ఎస్‌హెచ్ చేసుకోవచ్చు.

అడ్డంకి ఐపీ దగ్గర వస్తుంది. మొబైల్ నెట్‌వర్క్‌లు, చాలా ఫైబర్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతాయి. బయటి నుంచి నేరుగా మన రౌటర్‌ను చేరడం కుదరదు, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత సరిచేసినా ఉపయోగం ఉండదు. టెయిల్‌స్కేల్ లాంటిది రెండు మెషీన్లలోనూ పెడితే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం ద్వారా అవి ఒకదాన్నొకటి కనుక్కుంటాయి. సొంత వాడకానికి ఉచిత ప్లాన్ చాలు. వీఎస్ కోడ్‌లో ఉన్న టన్నెల్ సౌకర్యంతో కూడా ఇదే పని చేయవచ్చు, ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకోకుండానే.

అసలు బలహీనత కరెంటు. ఇక్కడ లైన్ మన వైపు కాదు, మెషీన్ వైపే తెగుతుంది. మనం చెన్నైలో ఉండగా ఇంట్లో కరెంటు పోతే చేసేదేమీ లేదు. బయోస్‌లో కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ తప్పకుండా పెట్టండి. యూపీఎస్ మెషీన్‌కే కాదు, రౌటర్‌కూ, ఫైబర్ పెట్టెకూ కూడా ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఇంటి మెషీన్ మీద ఆధారపడకండి. ముందు రోజే అన్నీ పుష్ చేసి, ఆ వారానికి కోడ్‌స్పేసెస్‌కో ల్యాప్‌టాప్‌కో మారిపోండి.

### కంపెనీ ఇచ్చే వర్చువల్ డెస్క్‌టాప్

బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ క్లయింట్లకు పనిచేసే చాలామందికి ఎంచుకునే అవకాశమే ఉండదు. సిట్రిక్స్, అజ్యూర్ వర్చువల్ డెస్క్‌టాప్ లాంటి వాటిలో లాగిన్ అయి పనిచేయాలి. కోడ్ కంపెనీ దాటి బయటికి రాదు, అదే వాళ్లకు కావాల్సింది. మనకు మాత్రం తెర మొత్తం బొమ్మలా వస్తుంది. మౌస్ కదిపినా, అక్షరం కొట్టినా వెళ్లి రావాలి. మిగతా అన్ని పద్ధతుల కన్నా లైన్ నాణ్యత ఇక్కడ ఎక్కువ అవసరం, డేటా కూడా ఎక్కువ అవుతుంది.

దీన్ని భరించగలిగేలా చేసుకోవచ్చు. వైఫై వదిలి ల్యాన్ కేబుల్ పెట్టండి. రెండు మానిటర్లకు బదులు ఒకటి, రిజల్యూషన్ తగ్గించి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీ డెస్క్‌టాప్ ఏ దేశంలో ఉందో ఐటీ వాళ్లను అడగండి. అమెరికాలో ఉంటే, పింగ్ అంకెలు జత చేసి భారత్ ప్రాంతానికి మార్చమని మెయిల్ పెట్టండి. 'స్లోగా ఉంది' అని రాసిన మెయిల్ కన్నా అంకెలున్న మెయిల్‌కు జవాబు త్వరగా వస్తుంది.

### టీమ్‌ల కోసం కోడర్ లాంటివి

కోడర్ ఓపెన్ సోర్స్. సొంత సర్వర్ మీద పెట్టుకుని, టెర్రాఫామ్ (మెషీన్లను ఫైలులో వర్ణించి సృష్టించే సాధనం) టెంప్లేట్లతో ఒక్కొక్కరికి ఒక్కో మెషీన్ ఇవ్వవచ్చు, వాడనప్పుడు ఆగిపోయేలా పెట్టవచ్చు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. పది మంది లోపు టీమ్‌కు ఆ శ్రమ దండగ.

## ఒక చూపులో

| ఎంపిక | మన లైన్ తెగితే | నెల ఖర్చు | ప్రధాన ఇబ్బంది |
|---|---|---|---|
| సొంత ల్యాప్‌టాప్ | పని సాగుతుంది | లేదు | బరువైన పనికి చాలదు, డౌన్‌లోడ్లకు డేటా అవుతుంది |
| కోడ్‌స్పేసెస్ | ఫైళ్లు భద్రం, కదలిక లేకపోతే మెషీన్ ఆగుతుంది | 2 కోర్లు 60 గంటల దాకా ఉచితం | భారత్ ప్రాంతం లేదు, 30 రోజుల తొలగింపు |
| భారత్‌లో అద్దె మెషీన్ | టీమక్స్‌లో పని సాగుతుంది | 24 డాలర్ల నుంచి, ఆపితే తగ్గవచ్చు | నిర్వహణ, భద్రత మనమే చూడాలి |
| ఇంటి డెస్క్‌టాప్ | పని సాగుతుంది, ఇంటి లైన్ పోతే అందదు | కరెంటు బిల్లు | కరెంటు కోతలు, తుపాను రోజులు |
| వర్చువల్ డెస్క్‌టాప్ | సెషన్ ఉంటుంది, మన చేతిలో ఏమీ ఉండదు | కంపెనీదే | ఆలస్యం, ఎక్కువ డేటా |

## ఎవరికి ఏది

విద్యార్థికి కోడ్‌స్పేసెస్. గంటలు అయిపోతే గూగుల్ క్లౌడ్ షెల్ కూడా ఉంది. 5 జీబీ నిల్వ, వారానికి 50 గంటలు ఉచితం. చిన్న స్క్రిప్టులు, లినక్స్ నేర్చుకోవడానికి సరిపోతుంది. 120 రోజులు తెరవకపోతే అందులోని ఫైళ్లు పోతాయి.

కంపెనీ ఉద్యోగికి కంపెనీ చెప్పిందే. ఎంచుకునే అవకాశం ఇస్తే, భారత్‌లోని మెషీన్‌కు ఎస్‌ఎస్‌హెచ్ అడగండి, వర్చువల్ డెస్క్‌టాప్ కాదు.

విదేశీ క్లయింట్లకు పనిచేసే ఫ్రీలాన్సర్ పరిస్థితి కాస్త సున్నితం. క్లయింట్ కోడ్ ఎక్కడ ఉంచాలో ఒప్పందంలో రాయించుకోండి. ప్రతి క్లయింట్‌కు వేర్వేరు మెషీన్, వేర్వేరు ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టండి. ఆగిపోయిన మెషీన్‌కు డిస్క్ చార్జీ మాత్రమే కాబట్టి ఈసీ2 తరహాలో ఇది పెద్ద భారం కాదు. పని పూర్తయ్యాక ఆ క్లయింట్ మెషీన్‌ను తొలగించి, తొలగించానని మెయిల్ పెట్టండి. నమ్మకం అలాంటి వాటితోనే పెరుగుతుంది.

ఆక్వా డీలర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులకు స్టాక్ సాఫ్ట్‌వేర్ లాంటివి చేసే నలుగురైదుగురి టీమ్‌కు ఒక 8 జీబీ లేదా 16 జీబీ మెషీన్ మీద ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ ఖాతా సరిపోతుంది. అందరూ ఒకే లాగిన్ వాడితే ఎవరు ఏం మార్చారో తెలియదు, ఒకరు వెళ్లిపోతే పాస్‌వర్డ్ అందరికీ మార్చాలి. ఒకే మెషీన్ మీద అందరి పోర్టులు ఢీకొంటాయి కాబట్టి ఎవరికి ఏ పోర్టులు ఇవ్వాలో ముందే పంచుకోండి. ఒకరి బిల్డ్ మిగతావాళ్ల ర్యామ్ మొత్తం లాగేస్తుంటే అప్పుడు విడి మెషీన్ల గురించి ఆలోచించండి.

## ఎంచుకున్నాక నడపడం

ఏ సేవ ఎంతకాలం ఉంటుందో చెప్పలేం. బ్రౌజర్‌లో కోడ్ రాసే ఏడబ్ల్యూఎస్ క్లౌడ్9 2024 జులై 25 నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేసింది. అలాంటిదే అయిన గిట్‌పాడ్ 2025లో పేరే మార్చుకుని ఓనా అయింది. కాబట్టి ఎన్విరాన్‌మెంట్ వర్ణన సేవలో కాకుండా రిపోలోనే ఉండాలి. డెవ్‌కంటైనర్ ఫైలు రాసి రిపోలో పెడితే, ఏ ఇమేజ్, ఏ వెర్షన్, ఏ ఎక్స్‌టెన్షన్లు అన్నీ అందులోనే ఉంటాయి. అదే ఫైలు కోడ్‌స్పేసెస్‌లో, అద్దె మెషీన్ మీద వీఎస్ కోడ్‌లో, మీ ల్యాప్‌టాప్ డాకర్‌లో పనిచేస్తుంది. తుపాను వారం ఒక చోటి నుంచి మరో చోటికి మారడం దీనివల్లే సాధ్యమవుతుంది. ఈ ఒక్క ఫైలుకు సగం రోజు కేటాయించండి, తప్పకుండా.

భద్రత దగ్గర ఒక్క విషయం మీద ప్రత్యేకంగా హెచ్చరించాలి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టి పోర్టులన్నీ మూసేశాం అనుకుంటారు. డాకర్ తన కంటైనర్ పోర్టులను తెరిచేటప్పుడు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను పక్కకు నెట్టి నేరుగా ఐపీటేబుల్స్‌లో (లినక్స్ అసలు ఫైర్‌వాల్ నియమాలు) రాస్తుంది. డాకర్‌లో లేపిన రెడిస్, మాంగోడీబీ, పోస్ట్‌గ్రెస్ అలాగే ప్రపంచానికి కనిపించిపోతాయి. పాస్‌వర్డ్ లేని డేటాబేస్‌ల కోసం ఇంటర్నెట్ అంతా వెతికే బాట్‌లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. డాకర్ కంపోజ్ ఫైలులో పోర్టుకు ముందు 127.0.0.1 (ఆ మెషీన్‌కే పరిమితమైన అడ్రస్) అని రాయండి, బయటి నుంచి చూడాలంటే ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ ఫార్వర్డింగ్ వాడండి. క్లౌడ్ కంపెనీ సొంత ఫైర్‌వాల్‌లో కూడా ఎస్‌ఎస్‌హెచ్ తప్ప అన్నీ మూయండి. ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ మాత్రమే ఉంచండి.

కస్టమర్ల అసలు డేటాను డెవలప్‌మెంట్ మెషీన్ మీదకు దించొద్దు. ఆక్వా రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్న బ్యాకప్‌ను 'టెస్టింగ్ కోసం' తెచ్చుకునే అలవాటు చాలా టీమ్‌లలో ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, ఆ డేటాను తేలికగా తీసుకోకండి. పేర్లు, నంబర్లు మార్చిన నమూనా డేటా తయారు చేసుకోండి.

క్లౌడ్ ఖాతా తెరిచిన మొదటి రోజే బడ్జెట్ హెచ్చరిక పెట్టండి. మీరు అనుకున్న నెల ఖర్చులో సగానికి ఒకటి, పూర్తి మొత్తానికి ఒకటి. హెచ్చరిక మెయిల్ మాత్రమే వస్తుంది, మెషీన్ ఆగదు, కాబట్టి రోజూ చూసే మెయిల్ ఐడీ ఇవ్వండి.

ఇంటి వైపు సరంజామా చిన్నదే: రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్, ఫైబర్ కంపెనీది కాకుండా వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్. ఫైబర్, సిమ్ ఒకే కంపెనీవైతే రెండూ ఒకేసారి పోయే అవకాశం ఉంది.

ఏది ఎంచుకున్నా నెల మొత్తానికి డబ్బు కట్టకముందు ఒక వారం పరీక్షించండి. గంటల లెక్కన మెషీన్ తీసుకుని, అసలు ప్రాజెక్టును అందులో పెట్టి, ఒక సాయంత్రం ఫోన్ హాట్‌స్పాట్ మీద మాత్రమే పనిచేయండి. బిల్డ్ నడుస్తుండగా కావాలనే రౌటర్ ఆపేయండి. పది నిమిషాల తర్వాత తిరిగి కనెక్ట్ అయినప్పుడు బిల్డ్ పూర్తయి, మీ ఫైళ్లు అలాగే ఉంటే అప్పుడు కార్డు నంబర్ ఇవ్వండి.